ఇరవయ్యోసారి నిజ్వా

పందొమ్మిదిసార్లు వచ్చాను ఈ ఊరికి.
పందొమ్మిదిసార్లూ నేను చూసింది
పార్కింగులో ఒక వేపచెట్టు.
నీడ ఎటు జరిగితే అటు బండి జరపడం, అంతే.

ఫ్రాన్సు వాళ్లు, పూణే వాళ్లు, ఒకసారి స్పెయిన్ నుంచి ముసలి జంట
లోపలికి వెళ్లి రెండు గంటలకి
కందిన మొహాలతో, ఫోన్ల నిండా గోడలతో తిరిగొచ్చేవారు.
లోపల ఏముందని నేనెప్పుడూ అడగలేదు.
వెళ్లేముందు వాళ్లే నన్నడిగేవారు.
"చాలా బాగుంటుంది సార్, రెండు గంటలు పడుతుంది."
రెండూ నిజాలే,
వేరే డ్రైవర్ల నోటినుంచి అప్పు తెచ్చుకున్నవి.

ఈ శుక్రవారం బండి షెడ్డులో ఉంది.
తెల్లారకుండా రూవీలో బస్సెక్కాను.

ముందు మేకల సంత.
గుండ్రంగా కూర్చున్న జనం చుట్టూ మేకలే ప్రదక్షిణ చేస్తాయి,
కొనేవాళ్లు కదలరు.
ముక్కు మీది ముసుగు సర్దుకుని ఒక ముసలావిడ
మేక పళ్లు చూసింది, పొదుగు తడిమింది,
ఒక్క మాటతో పదిహేను రియాళ్లు తగ్గించేసింది.
ఆవిడే మా చోడవరం సంతకొస్తే
బేరగాళ్లు ఆ వారం జ్వరమని పడుకుందురు.

కోటకి టికెట్టు అయిదు రియాళ్లు.
కిటికీ ముందు నిలబడి రూపాయల్లోకి మార్చాను.
వరసలోంచి తప్పుకున్నాను.
సమోసా తిన్నాను.
మళ్లీ వరసలో నిలబడ్డాను.

మెట్లు. మలుపు. తలుపు. మళ్లీ మలుపు.
ప్రతి తలుపు పైనా కప్పులో ఒక కంత.
శత్రువు వస్తే అందులోంచి
సలసల కాగే ఖర్జూరప్పాకం పోసేవారట.
బోర్డు మీద ఆ ముక్క మూడుసార్లు చదివాను.
కింద చీకటి గదిలో నేలంతా దున్నినట్టు చాళ్లు.
బస్తాలు పేరిస్తే వాటి బరువుకి అవే కారి
పాకం చాళ్లమ్మట నడిచి కుండలోకి దిగేదట.

పాకం సంగతి నాకు బోర్డు చెప్పక్కర్లేదు.
మణికట్టు మీద నా పదకొండో ఏటి మచ్చ ఉంది.
మాడుగుల, మా నాన్న హల్వా పొయ్యి,
గోధుమపాలు చిక్కబడే వేళ ఒక్క బుడగ.
తీపికి కోపమొస్తే
మరిగే నూనె నయం.

బజారులో వాసన నన్ను చెవి పట్టుకు లాక్కెళ్లింది.
ఏలకులు, నెయ్యి, కుంకుమపువ్వు, పన్నీరు,
వాటి కింద
అడుగంటడానికి ఒక్క వేలెడు ఇవతలి వాసన.
రాగి డేగిసా. నా ఎత్తు తెడ్డు. ఖల్ఫాన్ అని పెద్దాయన.
నాకొచ్చిన అరబ్బీ బండికి సరిపడేంతే:
ఎడమ, కుడి, ఎంత, ఆగు.
హల్వాకీ అవే సరిపోయాయి.

తెడ్డు ఇచ్చాడు.
నడుం దానంతటదే వంగింది.
పదిహేడేళ్లుగా స్టీరింగు తప్ప ఏదీ తిప్పని భుజం
కిర్రుమని లేచింది.
రెండు నిమిషాలకి "ఆగు" అన్నాడు.
నేను కుడికి తిప్పుతున్నానట, ఆయన ఎడమకి.
నా మచ్చ చూశాడు. తన చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
అయిదు.
నవ్వాడు, పందెం గెలిచినవాడిలా.

చిన్న గిన్నెలో వేడివేడిది, వేలితో.
మా నాన్న హల్వా కాదిది.
గోధుమపాలు కాదు, గంజిపొడి. పళ్లని వదిలి నాలుకని పట్టుకుంటుంది.
ఆయనైతే "పాకం ఒక తీగ ముదిరిందిరా" అనేవాడు,
అంటూనే రెండోసారి చెయ్యి చాపేవాడు.
ఖల్ఫాన్ చేదు కాఫీ పోశాడు.
కప్పు ఊపితేగాని పొయ్యడం ఆపరు.
తెలిసీ
నాలుగో కప్పుదాకా ఊపలేదు.

ఆదివారం హోటలు ముందు కొత్త జంట ఎక్కారు.
"కోటలో ఏముంటుంది?"
అద్దంలోంచి చూశాను వాళ్లని.
"మూడు గంటలు పడుతుంది సార్.
తలుపుల దగ్గర ఆగి పైకి చూడండి.
టిఫిను తక్కువ తినండి.
బజారులో హల్వా పెద్దాయన తెడ్డు ఇస్తే
ఎడమకి తిప్పండి."